బెవర్లీ మగవాడి పేరే

మేవిస్ తన కొడుకు సంచీ సర్దుతూ ఊలు మేజోళ్ళు నాలుగోసారి లెక్కపెడుతోంది. పద్దెనిమిదేళ్ళ బెవర్లీ ఆ సాయంత్రం చేపల ఓడలో ఐస్‌లాండ్ వైపు వెళ్ళాలి. విడిచిన బట్టలు మూలన కుప్పపడి ఉన్నాయి. మనిషి ఓడెక్కే రోజున బట్టలుతికితే సముద్రం అతన్నీ కడిగేస్తుందని ఇంగ్లండులోని హల్ రేవులో ప్రతి ఇల్లాలికీ తెలుసు.

తొమ్మిదింటికి కంపెనీ ఉత్తరం వచ్చింది. ‘కుమారి బెవర్లీ డన్నిల్ గారికి. ఓడల్లోకి ఆడవాళ్ళను తీసుకోము. మీ పేరు కొట్టేశాము. చేపలు కోసే షెడ్డులో ఖాళీ ఉంది.’

మేవిస్ ఆ కాగితాన్ని ముద్దు పెట్టుకుంది. సంచీ బోర్లించి, మూలనున్న కుప్పతో సహా అన్నీ తొట్టెలో నానేసింది.

“అమ్మా, అది నా ఉద్యోగం.”

“పోతే పోనీ నాయనా. షెడ్డు కంపు కొడుతుందేమో గానీ మునగదు.”

ఉత్తరం చదివి తండ్రి హెర్బర్ట్ కుర్చీలోంచి లేచాడు. మోకాలు విరిగి ఓడలు మానేశాక ఆయన అంత చురుగ్గా లేవడం అదే మొదటిసారి.

“మా తాత పేరది. బీవర్లనే నీటి జంతువులు తిరిగే వాగని అర్థం. ఆ పేరుతో ఊరే ఉంది, ఇక్కడికి ఎనిమిది మైళ్ళు. పోయి చూసుకోమను.”

“ఇప్పుడు పుట్టే ఆడపిల్లలంతా బెవర్లీలేనయ్యా. వాళ్ళకేం తెలుసు, వదిలెయ్,” అంది మేవిస్.

“నా కొడుకుని కుమారి అంటే వదిలెయ్యాలా?”

జనన పత్రం జేబులో పెట్టుకుని ఆఫీసుకు కుంటుకుంటూ వెళ్ళాడు.

“మా పాప కూడా బెవర్లీనే పెద్దాయనా,” అన్నాడు గుమాస్తా.

“అయితే మగపేరు పెట్టుకున్నావన్నమాట.”

ఆఫీసంతా నవ్వింది. మేనేజరు బయటికొచ్చి పత్రం చూసి సిగ్గుపడ్డాడు. “తప్పు మాదే. ఆ ఓడలో చోటు వేరేవాళ్ళకి ఇచ్చేశాం. ఇంకోటి మధ్యాహ్నమే బయల్దేరుతోంది. అందులో ఒకడు తాగి పడిపోయాడు. మీవాణ్ణి పంపండి.”

హెర్బర్ట్ గెలిచి ఇంటికొచ్చాడు. పెరట్లో తీగ మీది మేజోళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

“ఉతికేశావా?”

“వెళ్ళడనేగా ఉతికింది.”

“తడివే పెట్టమ్మా. ఇంజను పక్కన ఆరేసుకుంటాను,” అన్నాడు బెవర్లీ.

వద్దని చెప్పడానికి హెర్బర్ట్ నోరు తెరిచాడు. కానీ కొడుకు మగవాడని అంతమంది ముందు అప్పుడే నిరూపించి వచ్చాడు. మూసుకున్నాడు.

బెవర్లీ పేరు కొట్టేసిన ఓడ మూడు వారాలకు నిండా చేపలతో తిరిగొచ్చింది. బెవర్లీ ఎక్కిన ఓడ 1963 ఫిబ్రవరి పదకొండున, పైన పేరుకున్న మంచు బరువుకు తలకిందులై మునిగింది. బెవర్లీతో కలిపి ఇరవై మంది. ఒక్కరూ తిరిగి రాలేదు.