కార్న్‌బ్రెడ్ మళ్ళీ గెలుస్తుందా?

ఎప్పుడూ నిజం చెప్పేవాడి వల్ల లోకానికి పెద్దగా ఉపయోగం లేదు. ఎప్పుడూ తప్పు చెప్పేవాడే అసలైన లోకోపకారి! ఇది ఆషామాషీగా అంటున్న మాట కాదు. లూయీవిల్‌లో సగం జీవితం గడిపి, ఏటా మే నెలలో డెర్బీ గుర్రప్పందెం రాగానే ఊరు ఊరంతా పూల టోపీలు పెట్టుకుని వెర్రెత్తిపోవడం కళ్ళారా చూసి, బాగా ఆలోచించి అంటున్న మాట.

మీరే చెప్పండి. అప్పుడప్పుడు తప్పు చెప్పేవాడితోనే చావొస్తుంది. వాడి మాటల్లో ఏది నమ్మాలో ఏది నమ్మకూడదో తెలిసి చావదు. అదే, నోరు తెరిస్తే తప్పే చెప్పేవాడు దొరికాడనుకోండి, తిరగేసి చదువుకుంటే సరిపోతుంది! అలాంటి మహానుభావుడు మా ఊరికి ముప్ఫై ఏళ్ళపాటు దొరికాడు. పేరు వెర్లిన్ స్టాంపర్.

వెర్లిన్ మా ఊరి పేపర్లో పందేల కాలమ్ రాసేవాడు. డెర్బీకి ముందు, చలి తగ్గాక, అక్కడక్కడ కొన్ని చిన్న పందేలు జరుగుతాయి. వాటిలో గెలిచిన గుర్రం డెర్బీలో కూడా గెలుస్తుందా లేదా అని తేల్చి చెప్పడమే అతని పని.

దీని మీద అతనికి ‘పాలపొంగు సిద్ధాంతం’ అని ఒకటుండేది. ముందు పందెంలో మరీ జోరుగా పరిగెత్తిన గుర్రం పొంగిపోయిన పాలలాంటిదట. పొంగినదంతా పొయ్యి పాలైతే గిన్నెలో ఇంకేం మిగులుతుంది? అతను అలా రాసిన ప్రతి ఏడాదీ ఆ గుర్రమే డెర్బీ కొట్టేది. విసుగొచ్చి ఒక ఏడాది సిద్ధాంతాన్ని పక్కనపెట్టి, ‘ఈ జోరును ఆపగలవాడెవడు?’ అని రాశాడు. ఆ గుర్రం అన్నిటికన్నా వెనక, గుర్రాల వెనకే వచ్చే అంబులెన్సుకి మాత్రం కాస్త ముందుగా వచ్చింది.

అయినా వెర్లిన్ తలెత్తుకునే తిరిగేవాడు. నిపుణుడంటే అలాగే ఉండాలి మరి!

ఇలా ఉండగా ఒక ఏప్రిల్లో, లెక్సింగ్టన్‌లో జరిగిన ముందు పందెంలో కార్న్‌బ్రెడ్ అనే ఎర్ర గుర్రం గెలిచింది. గెలవడమంటే అలా ఇలా కాదు. మిగతా గుర్రాలు చివరి మలుపు తిరిగేసరికి ఇది గీత దాటేసి, వీళ్ళంతా ఎక్కడ చచ్చారా అన్నట్టు వెనక్కి చూసింది. గడియారం పట్టుకున్న పెద్దమనిషి అది పాడైపోయిందనుకుని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

అంతే! ఊళ్ళో ఒకటే ప్రశ్న. మళ్ళీ గెలుస్తుందా?

రేడియో ఆవిడ గుర్రం నాయనమ్మ వంశం తవ్వి తీసి, ఆ వంశంలో అందరికీ మొదట్లోనే హడావిడని తేల్చింది. టీవీలో ఒకాయన తెరనిండా బాణాలు గీశాడు. సెలూన్లో మా బార్బర్ గుర్రం ఫొటో చూసి, జూలు మందంగా ఉంది కాబట్టి గెలుస్తుందన్నాడు. చర్చిలో పాస్టర్ గారు ప్రసంగం మధ్యలో ఆ మాట ఎత్తి, ఎత్తినందుకు దేవుణ్ణి క్షమాపణ అడిగి, గెలవదని చెప్పి మళ్ళీ ప్రసంగంలోకి వెళ్ళారు.

అందరికీ తెలుసు. తెలియని మనిషి ఊరి మొత్తానికీ ఒక్కతే. ఆమె ఇమోజీన్. కార్న్‌బ్రెడ్‌ని పందేలకి తయారుచేసిన ట్రైనర్. వెర్లిన్‌కి సొంత అక్క.

ఇమోజీన్ నెమ్మదైన మనిషేమీ కాదు. రబ్బరు బూట్లు వేసుకుని గుర్రాలశాలలో ఆమె కేకేస్తే అవతలి శాలలో గుర్రాలు కూడా సర్దుకుని నిలబడతాయి. డెర్బీకి వెళ్ళగలిగే గుర్రం ఆమె చేతికి రావడం ఇదే మొదలు. అరవై దాటిన మనిషి, మళ్ళీ వస్తుందన్న ఆశ కూడా లేదు. ఆమెకు మాత్రం ఆ పందెం మీద కోరిక ఉండదా? కానీ లెక్సింగ్టన్ నుంచి వచ్చాక గుర్రం దాణా సగంలో వదిలేసింది. ముందరి ఎడమకాలు ఒకరోజు వెచ్చగా తగిలింది, మర్నాడు బాగానే ఉంది, ఆ మర్నాడు మళ్ళీ వెచ్చబడింది. పశువుల డాక్టరు వచ్చి చూసి ఏమీ కనిపించలేదన్నాడు.

గుర్రం యజమాని డాక్టర్ హోలిస్ ప్రూయిట్ ఊళ్ళో పేరున్న పళ్ళ డాక్టరు. ఆయన తెల్లకోటు కూడా విప్పకుండా శాలకు పరిగెత్తుకొచ్చాడు.

“ఇమోజీన్, సూటిగా చెప్పు. డెర్బీలో మనవాడు గెలుస్తాడా, గెలవడా?”

“తెలీదు డాక్టర్ గారూ. ఇంత తొందరలో మళ్ళీ పరిగెత్తించడానికి నాకు మనసొప్పట్లేదు. కాలు కాస్త తేడాగా ఉంది. ఆగస్టు దాకా ఆగుదాం.”

“కాలికి ఏమీ లేదన్నారుగా?”

“అన్నారు.”

“మరి నువ్వు ఉందంటావా?”

“ఉందో లేదో తెలీదంటున్నా.”

“తెలీదు, తెలీదు! ఆ మాట వినడానికా నిన్ను పెట్టుకున్నది? ఊళ్ళో చంటిపిల్లలు కూడా చెప్తున్నారే!”

చూశారా ఆమె పొరపాటు? ‘గెలవడు’ అని ఒక్కమాట గట్టిగా అనేస్తే పోయేది. నిజం చెప్పి చెడింది.

ఆ ఆదివారం ఇమోజీన్ ఒక గిన్నెడు చికెన్ డంప్లింగ్స్, అంటే కోడిపులుసులో ఉడికించిన పిండి ఉండలు, పట్టుకుని తమ్ముడింటికి వెళ్ళింది. వెర్లిన్ గిన్నె చూడగానే జాగ్రత్తపడ్డాడు.

“నీ గుర్రం గురించి నేను రాయనక్కా. చుట్టరికం అంటారు.”

“రాయాలిరా. గెలుస్తాడని రాయాలి. బల్లగుద్ది రాయాలి.”

వెర్లిన్ ఛాతీ విప్పారింది. “ఇన్నాళ్ళకి నా మాట విలువ నీక్కూడా తెలిసిందన్నమాట!”

“తెలిసింది నాయనా. మా డాక్టర్ నీ కాలమ్ ఒక్కటి కూడా వదలకుండా చదువుతాడు. చదివి, సరిగ్గా దానికి తిరగేసి చేస్తాడు. నువ్వు గెలుస్తాడని రాశావంటే హడలిపోయి గుర్రాన్ని వెనక్కి తీసుకుంటాడు.”

వెర్లిన్ చెంచా కింద పెట్టాడు.

“అంటే... నేను ఎప్పుడూ తప్పే చెప్తానని అందరికీ తెలుసా?”

“అందరికీ ఏం కాదులే,” అంది ఇమోజీన్ జాలిగా. “మన అత్తకి ఎవరూ చెప్పలేదు.”

పాపం, అతనికి తిండి సయించలేదు. అయినా అక్క మాట కాదనలేక మర్నాడు శాలకు వెళ్ళాడు. ఇన్నేళ్ళలో గుర్రాల గురించి అంకెలు చూసి రాశాడే తప్ప, ఒక గుర్రం పక్కన ఊరికే నిలబడ్డది లేదు. కార్న్‌బ్రెడ్ అతని టోపీ వాసన చూసి, రిబ్బను కొంచెం నమిలి, నచ్చక వదిలేసి, బరువైన గడ్డాన్ని తీసుకొచ్చి అతని భుజం మీద పెట్టి కళ్ళు మూసుకుంది. వెర్లిన్ కదల్లేదు. భుజం తిమ్మిరెక్కినా కదల్లేదు.

ఇంటికెళ్ళి రాశాడు. సిద్ధాంతాలు లేవు, అంకెలు లేవు. ఆ గుర్రం ఎలా ఊపిరి తీస్తుందో, మనిషిని ఎలా నమ్ముతుందో రాసి, ఇలాంటి జీవి గెలవకపోతే గెలుపుకే అవమానం అన్నాడు. అబద్ధం రాయమని పంపితే పాపం నిజంగానే రాసేశాడు!

పేపర్ వచ్చిన పూటే డాక్టర్ శాల దగ్గర ప్రత్యక్షమయ్యాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

“ఇమోజీన్! ఇన్నేళ్ళలో మీ తమ్ముడు ఇంత చక్కగా ఎప్పుడూ రాయలేదు. నాకు ఏడుపొచ్చింది. ఈసారి మాత్రం అతని మాట తప్పదు. డెర్బీకి వెళ్తున్నాం!”

గమనించారా? తప్పు చెప్పేవాడు లోకోపకారి అన్నాను. కానీ వాడు బాగా రాయకూడదు. బాగా రాశాడో, కొంప మునిగిందే!

ఇమోజీన్ తమ్ముడికి ఫోన్ చేసింది. తిట్టలేదు. “నువ్వు బానే రాశావురా,” అని పెట్టేసింది. ఆ మాట అతనికి తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

వెర్లిన్ డాక్టర్‌తో మాట్లాడదామని క్లినిక్‌కి వెళ్ళాడు. డెర్బీ కబుర్ల కోసం వచ్చేవాళ్ళతో విసిగిపోయిన రిసెప్షన్ అమ్మాయి తలెత్తకుండానే, “పన్ను నొప్పి ఉంటేనే లోపలికి,” అంది. అదృష్టవశాత్తూ వెర్లిన్‌కి నిజంగానే ఒక దవడపన్ను చాలాకాలంగా సలుపుతోంది.

కుర్చీలో పడుకోబెట్టారు. ఒక్కమాట అనేలోపే నోట్లో దూది కుక్కి, అద్దం పెట్టి, గొట్టం తగిలించారు. ముప్ఫై ఏళ్ళు ఆగకుండా మాట్లాడిన మనిషికి, చెప్పాల్సిన మాట అంటూ మొదటిసారి దొరికిన రోజున నోరు లేకుండా పోయింది!

“మీరే వచ్చారే!” అన్నాడు డాక్టర్ పొంగిపోతూ. “గెలుస్తాడు కదూ?”

“ఆఁ... ఆఁ...” అని చేతులూపాడు వెర్లిన్.

“అదీ! మీ నోటితో వినాలనే నా ఆశ. కదలకండి. రెండో గుర్రం మనవాడి దరిదాపుల్లోకైనా వస్తుందంటారా?”

“ఊఁ... ఊఁహూఁ!”

“నేనూ అదే అనుకున్నా.”

చివరికి డాక్టర్ అద్దం తీసి పెదవి విరిచాడు. “చిగురు వాచింది. ఇవాళ పన్ను జోలికి వెళ్ళను. వాపు తగ్గనివ్వండి, ఆగి చూద్దాం.”

వెర్లిన్ దూది లాగి పారేశాడు. “ఆగితే పన్ను నిలుస్తుందా?”

“ఇప్పుడెలా చెప్తానండీ? చూడాలి.”

“అంటే మీకు తెలీదు.”

“తెలీదు.”

“తెలీదన్న మాట వినడానికా నేను ఇక్కడికొచ్చింది?”

డాక్టర్‌కి కోపం నషాళానికంటింది. “ఏమయ్యా! వాపు మీద పన్ను పీకితే ఏం జరుగుతుందో నీకేం తెలుసు? తెలీనప్పుడు తెలీదని ఆగడమే వైద్యం. పీకేవాడు సందుకొకడున్నాడు, పో!”

వెర్లిన్ గడ్డం మీద కారిన ఉమ్మి తుడుచుకున్నాడు. “మా అక్క కూడా అదే అంటోందండీ.”

డాక్టర్ చేతిలో అద్దాన్ని పళ్ళెంలో పెట్టాడు.

“మరి మీరు రాసిందో?” అన్నాడు చిన్నగా.

“నాకూ తెలీదు డాక్టర్ గారూ. ఒక్క ఏడాది కూడా తెలీలేదు. మా అత్తని తప్ప ఎవర్నైనా అడగండి.”

డాక్టర్ చేతి గ్లవ్స్ ఒక్కొక్కటే విప్పాడు. ఆ సాయంత్రమే కార్న్‌బ్రెడ్ డెర్బీ నుంచి తప్పుకుంది.

ఊరు భగ్గుమంది. ఇమోజీన్ పిరికిదన్నారు, ముసల్దైపోయిందన్నారు. డెర్బీ రోజున వేరే గుర్రం గెలిచింది. కార్న్‌బ్రెడ్ ఉంటే గెలిచేదని సగంమంది, ఓడేదని సగంమంది రాశారు. అసలు పరిగెత్తని గుర్రం ఒకే పందెంలో గెలుపూ ఓటమీ రెండూ సాధించడం మా ఊళ్ళోనే సాధ్యం! ఇమోజీన్ ఆ సాయంత్రం గుర్రాన్ని పచ్చిక మీదకి వదిలి, కంచె పట్టుకుని నిలబడి, దూరంగా మైదానం నుంచి వచ్చే జనం హోరు విన్నది. ఆమె కళ్ళు తుడుచుకోవడం వెర్లిన్ చూశాడు. చూడనట్టు ఊరుకున్నాడు.

తర్వాతి కాలమ్‌లో అతను, ‘నాకు తెలియదు, వచ్చి చూడండి,’ అని రాశాడు. సంపాదకుడు అచ్చుతప్పనుకుని సరిచేయబోయాడు. కాదని తెలిశాక వెర్లిన్‌ని తోటపని పేజీకి మార్చి, పందేలన్నీ కంప్యూటర్లో లెక్కలు కట్టి చెప్పే ఒక నిపుణుణ్ణి తెచ్చుకున్నాడు.

గుర్రం కాలు తర్వాత చల్లబడింది. అసలు దానికి ఏదైనా అయిందా అన్నది ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

ఆగస్టులో, నది ఒడ్డున ఒక చిన్న పందెంలో కార్న్‌బ్రెడ్ మళ్ళీ పరిగెత్తింది. పెద్ద జోరేమీ లేదు. కానీ చివర్లో మెడ సాచి, తల వంచి, పక్క గుర్రంతో భుజం భుజం కలిపి, పట్టుదలగా ముందుకు వచ్చి గెలిచింది. అంత అందమైన పరుగు నేను ఈమధ్య చూడలేదు. వెర్లిన్ టోపీ విసిరేసి చిన్నపిల్లాడిలా గెంతాడు.

గుర్రం ఇంకా రొప్పుతూనే ఉంది. మైకులు ఇమోజీన్ ముఖం మీదకి వచ్చేశాయి. “మేడమ్, వచ్చే పందెంలో గెలుస్తుందా?”

“నాయనా, వాడింకా మంచినీళ్ళు కూడా తాగలేదు,” అంది ఆమె. “ఇప్పుడు గెలిచాడు కదా! కాసేపు ఈ గెలుపు చూడండి.”

ఆ మాట ఎవరూ రాసుకోలేదు. అవతల కంప్యూటర్ నిపుణుడు గొంతు సవరించుకుంటుంటే అందరూ అటు పరిగెత్తారు. బకెట్ పట్టుకుని వెర్లిన్, కళ్ళెం పట్టుకుని ఇమోజీన్, గటగటా తాగుతూ గుర్రం మిగిలారు.

నిపుణుడి చుట్టూ మూగిన జనంలో అందరికన్నా ముందు, తెల్లకోటుతో, నోరు తెరుచుకుని నిలబడ్డది డాక్టర్ హోలిస్ ప్రూయిట్.