సత్తిరాజుగారి తలకి అతుక్కున్న గరిటె

దంగేటి సత్తిరాజుగారి తలకి మొట్టమొదట వచ్చి అతుక్కున్నది ఎదురింటి వీరవేణిగారి పప్పు గరిటె. అయస్కాంత చికిత్స మొదలైన కొద్దిరోజులకి, ఆయన హాల్లో కుర్చీలో కూర్చుని ఉండగా, అది వసారా దాటి వచ్చి ఎడమ చెవి పైన టక్కుమని ఆగింది. పప్పు ఇంకా వెచ్చగానే ఉంది. భార్య భూలక్ష్మి ఆసుపత్రికి ఫోన్ చేసింది.

"మామూలేనండి. ఫ్రిజ్‌కి ఆనుకుని కూర్చోనివ్వకండి," అని నర్సు చెప్పి పెట్టేసింది.

సత్తిరాజుగారు కాకినాడ బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు ప్రకటించిన మనిషి. ఆయన గొంతు వింటే టీ తాగుతున్నవాళ్ళు గ్లాసు వదిలేసి పరిగెత్తేవారు. పార్కిన్సన్స్ వచ్చాక చేయి వణికింది, దానికి సర్దుకున్నారు. తర్వాత గొంతు సన్నగిల్లి పక్కగదిలోకి కూడా వినపడకుండా పోయింది. మొహం బిగుసుకుపోయింది. లోపల ఎంత సంతోషపడినా బయటికి కోపంగా కనబడేది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ మొహం చూసి, మనం రావడం ఇష్టం లేదు కాబోలు అనుకుని ఒక్కొక్కరే మానేశారు. ఆయనకి కావలసిందల్లా ఎవరో ఒకరు వచ్చి కాసేపు కూర్చోవడం. ఆ సంగతి చెప్పడానికి గొంతు సాయం రాలేదు, మొహం అసలే రాలేదు. దిగులు పట్టుకుంది. అన్నం సయించడం మానేసింది.

"జబ్బు వచ్చిందని దిగులు కాదండి ఇది. దిగులు కూడా ఆ జబ్బులో భాగమే," అన్నాడు డాక్టరు. "తల మీద తీగచుట్ట పెట్టి అయస్కాంతంతో తడతాం. మెదడు కాస్త మేలుకుంటుంది." యంత్రం టకటకలాడింది. మెదడు సంగతేమో గానీ గరిటె మాత్రం వచ్చింది.

గరిటె ఎవరిదో వెతుక్కోవలసిన అవసరం లేకపోయింది. మనవాళ్ళు ఏ స్టీలు సామాను కొన్నా దాని మీద పేరు కొట్టించనిదే ఇంటికి తెచ్చుకోరు కదా. సత్తిరాజుగారు దాన్ని తల మీంచి ఊడదీసి, పేరు చదివి, అలవాటు కొద్దీ గొంతు సవరించుకున్నారు.

"గమనించగలరు. గృహప్రవేశం సందర్భంగా అని పేరు కొట్టించిన వీరవేణిగారి పప్పు గరిటె మా హాల్లోకి వచ్చియున్నది. సంబంధించినవారు వచ్చి తీసుకోవలసిందిగా కోరడమైనది."

ఆ మాట వసారాలోకి వినపడింది. భూలక్ష్మి చేతిలోని పళ్ళెం కింద పెట్టి ఏడ్చేసింది. వీరవేణిగారు గరిటె కోసం వచ్చి, కాఫీ తాగి, సీరియల్లో అత్తగారి ఆగడాలు చెప్పి మరీ వెళ్ళింది. మర్నాడు మూతలొచ్చాయి, పట్టకార్లొచ్చాయి, వాటి వెనకాల మనుషులొచ్చారు. సత్తిరాజుగారు అన్నం రెండోసారి వడ్డించుకోసాగారు. డాక్టరు అడగవలసినవన్నీ అడిగి, దిగులు గ్రాఫు గీసి, చాలా సంతోషించాడు.

"మెషీన్ వల్లనంటారా, గరిటె వల్లనంటారా?" అని అడిగింది భూలక్ష్మి.

"ఏదైతేనేమండి, గ్రాఫు బాగుంది."

అంతా సవ్యంగా జరిగిపోతున్న రోజుల్లో బిందె వచ్చింది. వీరవేణిగారి గృహప్రవేశానికి అపార్టుమెంటు సెక్రటరీ కర్రి సూర్యారావు బహూకరించిన బిందె అది. ప్రేమతో అని కూడా కొట్టించారు. దాన్ని తీసుకోవడానికి ఆవిడా, మెట్ల దగ్గర శబ్దం విని ఆయనా ఒకేసారి వచ్చారు.

"అన్నయ్యగారూ, మంచి స్టీలు అయస్కాంతానికి అంటదంటారు కదండీ," అంది వీరవేణిగారు నెమ్మదిగా.

"మీ గరిటె మాత్రం మంచిదేటండీ?" అన్నాడు సూర్యారావు.

సాయంత్రానికి అపార్టుమెంటు మొత్తానికి విషయం బోధపడింది. సత్తిరాజుగారి తలకి అతుక్కున్నదంటే నాసిరకం అన్నమాట. ఆ తర్వాత ఏ గిన్నె వచ్చినా ఎవరూ రాలేదు. ప్రకటన విని తలుపులు వేసుకున్నారు. మళ్ళీ వచ్చిన గరిటెని భూలక్ష్మి స్వయంగా పట్టుకెళితే, "ఆ పేరు గలవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉంటారు వదినా," అంది వీరవేణిగారు. ఇంటిపేరుతో సహా ఉంది మరి. సామాను యావత్తూ కిటికీ ఊచలకి కట్టుకోవలసిందిగా సెక్రటరీ నోటీసు పెట్టాడు. తాళ్ళు బిగిశాయి. సత్తిరాజుగారి గొంతు మళ్ళీ సన్నబడింది, కంచంలో అన్నం మిగిలిపోసాగింది.

"శక్తి పెంచుదామా?" అన్నాడు డాక్టరు.

"పెంచితే ఏమొస్తాయండి?"

"బీరువాల దాకా రావచ్చు."

బీరువా వస్తే దాని వెనకాల మనిషి రాక చస్తాడా అనుకుంది భూలక్ష్మి. "పెంచేయండి," అంది.

బీరువా రాలేదు. సూర్యారావు వచ్చాడు, కుడికాలు ముందుగా. స్కూటరు మీంచి పడ్డప్పుడు ఆ కాల్లో రాడ్డు వేశారు. మెట్ల మీద కూరల సంచితో నిలబడ్డవాడు నిలబడ్డట్టే, వంకాయలు దారి పొడుగునా పోసుకుంటూ, వసారా అంతా జారుకుంటూ వచ్చి సోఫాలో పడ్డాడు. పిక్క సత్తిరాజుగారి భుజం మీదుగా తలకి ఆనుకుంది. అందరి ముందూ పరువు పోయేలా ఉందని సూర్యారావు తన కాలు వంకే చూసి, "ఈ కాలు నాది కాదండి," అన్నాడు.

"గమనించగలరు," అన్నారు సత్తిరాజుగారు.

"అనౌన్స్ చెయ్యకండి బాబూ, మీకు దణ్ణం పెడతాను."

ఊడి రావడానికి చాలాసేపు పట్టింది కాబట్టి ఇద్దరూ మాట్లాడుకోక తప్పలేదు.

"మీకు మా మీద కోపం అనుకున్నామండి ఇన్నాళ్ళూ," అన్నాడు సూర్యారావు.

"కోపం మొహానిదండి. నాది కాదు. మీరొస్తే నాకు పండగే."

సూర్యారావు ఆ మొహంలోకి మొదటిసారి తీరుబడిగా చూశాడు. తల వంచుకుని కాఫీ తాగాడు. మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. కాలు లాక్కొస్తోందని అందరికీ చెప్పేవాడు. బస్టాండు కబుర్లు వింటూ పొద్దుపోయేదాకా ఉండేవాడు. గ్రాఫు కోలుకుంది. కానీ సెక్రటరీ కాల్లో నాసిరకం రాడ్డుందని కింది అంతస్తు దాకా పాకింది. ఎముక ఎలాగూ అతుక్కుంది కదా అని ఆయన వెళ్ళి రాడ్డు తీయించేసుకున్నాడు.

ఇక రావలసిన పని లేదు. సత్తిరాజుగారు గుమ్మం వైపు కుర్చీ తిప్పించుకుని కూర్చునేవారు. ఒకరోజు "గమనించగలరు" అని మొదలుపెట్టి, ప్రకటించడానికి ఏమీ లేక ఆగిపోయారు. వంటింట్లో భూలక్ష్మికి కూడా వినపడలేదు.

బెల్లు మోగింది. చంకలో కర్రతో సూర్యారావు నిలబడి ఉన్నాడు. లుంగీ మొలలో కొత్త గరిటె ఉంది. అయస్కాంతానికి అంటుకునేదే కావాలని కొట్టువాడితో పేచీ పెట్టుకుని మరీ తెచ్చాడు. దాని మీద పేరు కూడా కొట్టించాడు.

"మా గరిటె ఏమైనా మీ ఇంటికొచ్చిందా చెల్లెమ్మా?"

భూలక్ష్మి ఆ మొలలోకి చూసి, చూడనట్టు తలుపు బార్లా తీసింది. "వస్తుందిలెండి అన్నయ్యగారూ. వచ్చేదాకా కూర్చోండి."

గరిటె మొలలోంచి జారి వెళ్ళి సత్తిరాజుగారి చెవి పైన టక్కుమంది. ఆయన దాని మీది పేరు చదివి, వసారా అదిరేలా ప్రకటించారు.

ఇప్పుడు ఆ అపార్టుమెంటులో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా, చూడడానికి వెళ్ళేవాళ్ళు తలా ఒక గరిటె పట్టుకెళుతున్నారు. జబ్బు ఏదైనా సరే, మంచం మీదున్న మనిషికి అయస్కాంతం పెట్టినా పెట్టకపోయినా సరే. గరిటె లేనివాళ్ళు మాత్రం వెళ్ళడం లేదు. ఊరికే చూసిపోదామని వచ్చామంటే ఏం బాగుంటుందని వాళ్ళ అభిప్రాయం.