డబ్బా కచేరీ

ఒక పెద్ద అడవిలో పాట రాని నక్క ఉండేది. పాట రాకపోవడం తప్పేం కాదు, నాకూ రాదు. కానీ ఈ నక్క సంగీత సభకు కార్యదర్శి. కోకిల పాడడం అయిపోగానే ఎవరో ఒకరు, "ఇప్పుడు కార్యదర్శిగారు ఒక్క చరణం" అనేవారు. నక్క నోరు విప్పేది. సభంతా నవ్వాపుకోలేక చచ్చేది.

చివరికి నక్కకు ఒళ్లు మండింది. "రాగాలూ తాళాలూ పాతబడ్డాయి. ఇకమీదట రొద సంగీతమే," అని ప్రకటించి, దాన్ని వినడం నేర్పే తరగతులు పెట్టేసింది.

"మొదట్లో చెవులు మూసుకోవాలనిపిస్తుంది. మూసుకోకండి. కణతల్లో పోటు మొదలైతే కచేరీ బాగున్నట్టు. కళ్లలో నీళ్లొస్తే ఇంకా బాగున్నట్టు. కడుపులో తిప్పిందా, ఇక దానికి తిరుగులేదు. మధ్యలో లేచి అడ్డుపడ్డవాడు మాత్రం వట్టి మొరటువాడు."

సభాపతి ఎలుగుబంటికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ సంగతి బయటపడితే పదవి పోతుందేమోనని గట్టిగా తల ఊపింది. అది ఊపాక మిగతావాళ్లు ఊపక చస్తారా?

సరిగ్గా అప్పుడే కోరయ్య అనే అడవిపంది సభలోకి దూసుకొచ్చాడు. వనభోజనాలవాళ్లు పారేసిపోయిన నూనె డబ్బా అడుగు నాకబోయి తల ఇరికించుకున్నాడు. కళ్లు కనబడవు, ఊపిరాడదు. చెట్టుకు గుద్దుకున్నాడు, రాయికి గుద్దుకున్నాడు. "తీయండ్రా నాయనా" అని లోపల అరుస్తుంటే బయటికి ఢాం, గర్ర్, ఢభేల్ అని వినబడింది.

"నాకు పోటొస్తోంది," అంది కుందేలు, కణతలు నొక్కుకుంటూ ఆనందంగా.

"నాకైతే కళ్లలో నీళ్లు," అంది జింక.

"ఆ ఢభేల్‌లో వేదన గమనించారా?" అంది నక్క.

కోరయ్య పెళ్లాం బురదమ్మ రొప్పుకుంటూ వచ్చింది. పట్టి లాగింది. డబ్బా అంచు కోరలకు పట్టేసింది, ఆమె బలం చాల్లేదు.

"అయ్యా, మా ఆయన చచ్చిపోతున్నాడు. ఎవరైనా ఒక చెయ్యి వెయ్యండి."

"ఉష్. కచేరీ నడుస్తోంది," అంది నక్క.

"కచేరీ ఏంటి బాబూ, ఊపిరాడట్లేదు ఆయనకి."

"అందుకే అంత బాగా వస్తోంది."

బురదమ్మ బావురుమంది. ఆ ఏడుపుకీ చప్పట్లు పడ్డాయి. దాంతో ఆమెకు వీళ్ల జబ్బేమిటో తెలిసిపోయింది. వెళ్లి డబ్బా మీద తట్టింది.

"ఏమయ్యా, అరవకు. పిల్లలకి రోజూ పాడే జోలపాట పాడు."

"ప్రాణం పోతుంటే జోలేంటే?"

"చెప్తున్నాగా, పాడవయ్యా."

మిగిలిన కాస్త ఊపిరితో కోరయ్య పాడాడు. డబ్బాలోంచి పాట కమ్మగా, లయ తప్పకుండా వచ్చింది. సభ భగ్గుమంది.

"రాగం తీస్తున్నాడు, సిగ్గులేదూ?"

"కాలితో తాళం కూడా వేస్తున్నాడండీ."

"నా తలనొప్పి తగ్గిపోతోంది," అని కుందేలు ఏడ్చినంత పని చేసింది.

"ముందు వాడి వాయిద్యం లాగేసుకోండి," అని నక్క కేకేసింది. ఎలుగుబంటి రెండు చేతులా పట్టి ఒక్క గుంజు గుంజింది. డబ్బా ఊడొచ్చింది. కోరయ్య గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. బురదమ్మ అతన్ని నాలుగు తిట్టి, ఆ తర్వాత అతని చెవి నాకుతూ ఏడ్చింది.

"అసలైన రొద ఎలా ఉంటుందో నేను చూపిస్తా," అంటూ నక్క డబ్బాలో తల పెట్టింది. కోపంలో ఉందేమో, మెడదాకా దూర్చేసింది. కాసేపు వాయించి తల తీద్దామంటే రాలేదు.

"తీయండి," అని అరిచింది. కుందేలుకు కడుపులో తిప్పింది. ఎలుగుబంటి లేచి నిలబడి మరీ తల ఊపింది.

బురదమ్మకే జాలేసింది. తానే లాగబోతే, మొరటుదానా అంటూ నలుగురూ పక్కకు నెట్టేశారు. దూరం నుంచే అరిచి చెప్పింది.

"పాట పాడు బాబూ, చచ్చినట్టు తీసేస్తారు."

నక్క పాడింది. పాపం, ప్రాణం పెట్టి పాడింది. చప్పట్లతో అడవి దద్దరిల్లింది. కచేరీ ఇంకా నడుస్తూనే ఉంది.

నీతి: రొదను ఎంతయినా మెచ్చుకోవచ్చు గాని, డబ్బాలో తల పెట్టేముందు ఒక్క జోలపాటైనా నేర్చుకుని ఉండాలి.