చంద్రమౌళి గారి కరెంటు బండి

నా భర్త చంద్రమౌళి గారి మీద నేను మోపిన నేరం ఒక్కటే. సాక్ష్యాలు మాత్రం చాలా ఉన్నాయి. అన్నీ విన్నాక నేనిచ్చిన తీర్పు న్యాయమైనదో కాదో మీరే చెప్పండి.

మాది తుష్నాబాద్, సముద్రం నడుమ దీవిలో తెలుగూ హిందీ కలగలిసిన పల్లె. మా ఇంటి వెనక సిమెంటు దిమ్మ మీద ఒక జనరేటర్ ఉండేది. దానికి సొంత ఇంజను లేదు. ట్రాక్టర్ వెనక తిరిగే షాఫ్టుకు తగిలిస్తేనే కరెంటు పుడుతుంది. ట్రాక్టరూ మాదే, దిమ్మా మాదే. కనుక వీధంతా చీకటైనా మా ఇంట్లో వెలుగుండేది. ఆ వెలుగులో మావారు క్రికెట్ చూసేవారు.

జూన్‌లో గాలివానకు రెండు రోజులు కరెంటు పోయింది. పక్కింటి రాజకుమారి చేపలమ్ముకుని బతికే మనిషి. ఫ్రీజరులోని చేపలన్నీ పాడైతే, కొబ్బరి చెట్ల కింద గొయ్యి తీసి పాతిపెట్టింది. ఆమె మట్టి కప్పుతున్న సమయానికి మా టీవీలో ఎవరో సిక్సర్ కొట్టారు. మావారు చప్పట్లు కొట్టారు. రాజకుమారి ఒక్క మాట అనలేదు. అటువంటి మౌనానికి ఎవరో ఒకరు జవాబు చెప్పి తీరాలని విశాఖ కాన్వెంటులో మా సిస్టర్లు నాకు నేర్పారు.

"మన జనరేటర్ తీగ రాజకుమారి ఇంటికి లాగకూడదా అండీ?" అన్నాను.

"అందదే! నలుగురు పట్టినా లేవని ఇనుము. దిమ్మ దిగి నడవమంటే నడుస్తాదేటి?"

"చక్రాలు పెడితే నడుస్తుంది. వీధంతా తిరుగుతుంది."

"సరే, అలాగే సేద్దాం," అన్నారు.

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన ఒక్క మాటకే ఒప్పుకోవడం అదే మొదటిసారి. నా అనుమానం పుట్టిందీ అప్పుడే.

వెల్డింగ్ వీరేంద్ర వచ్చాడు. పాత జీపు ఇరుసుకు యాంగిల్ ఇనుము అతికించి, పది రోజులు మా పెరట్లో నిప్పురవ్వలు కురిపించాడు. బండి తయారైంది. జనరేటర్‌ను దాని మీదికెక్కించి బోల్టులు బిగించారు.

"ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్ మేడమ్! రంగత్ అంత దూరం తీసుకుపోయినా టెన్షన్ నహీ!" అన్నాడు వీరేంద్ర.

చూడడానికి వీధంతా వచ్చింది. మావారు ట్రాక్టర్ ఎక్కి, పెళ్ళికొడుకులా చెయ్యి ఊపి, షాఫ్టు తిప్పారు. బండి ముందు వణికింది. తరువాత గెంతింది. ఆ తరువాత పక్కకు జరిగి నా బట్టల తీగను తెంపింది. ఆరేసిన బనియన్లు నాలుగూ షాఫ్టుకు చుట్టుకుని, మేము చూస్తుండగానే ఒకే తాడయ్యాయి.

"ఆపండి!"

"ఆగనంటందే!"

"దాన్ని కాదు, మిమ్మల్నే ఆపమంటున్నాను!"

ఎట్టకేలకు ఆపి, తాడును విప్పుతూ, "మామూలు వైబ్రేషనే," అన్నారు.

"ఆ బనియన్లలో మీరుండి ఉంటే అప్పుడూ మామూలేనా? షాఫ్టు మీద గొట్టం తొడిగించండి. తరగతిలో బల్ల ఊగితే కాలి కింద అట్టముక్క పెడతాం. మీ బండికి అసలు కాళ్ళే లేవు."

ఆ విధంగా గొట్టమూ, నాలుగు మరకాళ్ళూ వచ్చాయి. ఆగిన ప్రతి చోటా హ్యాండిల్ పెట్టి ఒక్కో కాలిని ఇరవై చుట్లు తిప్పి నేలకు దించాలి. అప్పుడు బండి రాయిలా నిలబడుతుంది.

మరునాడు బండి ముందు భాగాన ఒక కొత్త అర కనిపించింది.

"ఇదెందుకండీ?"

"పానాలు పెట్టుకోడానికి."

నేను ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. అరను కొలిచాను. ముప్పై ఎనిమిది అంగుళాలు. లోపలికి వెళ్ళి మా టీవీని కొలిచాను. అదీ ముప్పై ఎనిమిదే. ప్రపంచంలో ఏ పానా అంత వెడల్పు ఉండదు.

వీరేంద్రను పిలిచి ఎదుట నిలబెట్టాను. ఒకప్పుడు నా దగ్గర ఎక్కాలు చదివినవాడే. పదమూడో ఎక్కం అడగకముందే నిజం చెప్పేశాడు.

"నా పేరు బయటికి మత్ బోల్నా మేడమ్. ఆదివారం ఫైనల్ మ్యాచ్. సుపారీ తోటలోని షెడ్డులో అంకులూ, సిక్సర్ రమణయ్యా, ఇంకో నలుగురూ చూస్తారు. ఇంట్లో అరిస్తే మీరు గంట కొడతారంట కదా?"

కొడతాను. బడి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గంట ఇంకా నా దగ్గరే ఉంది.

మావారిని ఏమీ అడగలేదు. హ్యాండిల్‌కు తుప్పు పడుతుందని చెప్పి తీసి, నా తాళాల పక్కన బీరువాలో పెట్టాను.

శనివారం గాలివాన వచ్చి తీగల మీద చెట్టు పడింది. వీధంతా కరెంటు పోయింది. ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే మావారు టీవీని దుప్పటిలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బయటికి వచ్చారు.

"ఎక్కడికండీ?"

"దీనికి కాస్త గాలి తగల్నీ అని."

గేటు దగ్గర రాజకుమారీ, ఎదురింటి సింహాచలమ్మా, మరి నలుగురూ నిలబడి ఉన్నారు. నా చేతిలో టైమ్ టేబుల్ ఉంది. ఏడిళ్ళు, ఇంటికి అరగంట. ఫ్రీజరున్న ఇల్లు మొదటిది. బండి యజమాని ఇల్లు చివరిది.

"టీచర్ దీదీ చెప్పారు, మీరే మా కోసం ఈ బండి చేయించారంట! మీరు దేవుడు భయ్యా!" అని రాజకుమారి రెండు చేతులూ జోడించింది.

దేవుడు చంకలోని టీవీని మెల్లగా అరుగు మీద దించాడు. నన్ను పక్కకు పిలిచి, "హ్యాండిలేదే?" అని గొణిగాడు.

"ఇదిగో. మొదట రాజకుమారి ఇల్లు."

ఎనభై చుట్లు తిప్పారు. ఫ్రీజరు గుర్రుమంది. రాజకుమారి మూత మీద చెయ్యి వేసి, ఆ గుర్రు ఆగేదాకా తియ్యలేదు. ఆమె ఇంట్లో టీవీ లేదు. రెండో ఇంట్లో ఉంది కాని, ఆయన చెమట తుడుచుకుని కూర్చునేసరికి నేను గంట కొట్టాను. కాళ్ళు ఎత్తడానికి ఎనభై చుట్లు, మళ్ళీ దించడానికి ఎనభై. సింహాచలమ్మ టీవీ పెట్టింది గానీ, అందులో వంటల పోటీ.

"మ్యాచ్ పెట్టవా సింహాచలమ్మా?"

"అయ్యో బాబూ, ఈరోజు ఫైనలు. పనసకాయ బిర్యానీ వండతన్నారు."

అరగంట సేపు ఆయన పనసకాయనే చూశారు.

ఆరో ఇంట్లో మన జట్టుకు చివరి ఓవర్లో తొమ్మిది పరుగులు కావాలని తెలిసింది. గంట మోగింది. అంత పెద్ద మనిషి ట్రాక్టర్ మీద అలా ఎగిరి కూర్చోవడం నేను ఎన్నడూ చూడలేదు. మా గేటు ముందు ఆపి, ఒక్కో చుట్టుకూ ఒక దేవుణ్ణి తలుచుకుంటూ మూడు కాళ్ళు దించారు. నాలుగో కాలు పంతొమ్మిదో చుట్టులో ఉండగా వీధిలోని దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. అసలు కరెంటు వచ్చేసింది. ఇంటింటా టీవీలు మోగాయి. టపాకాయలు పేలాయి. మ్యాచ్ అయిపోయింది.

మావారు హ్యాండిల్ పట్టుకుని నేల మీదే కూర్చున్నారు.

రాజకుమారి పళ్ళెం నిండా వేయించిన చేపలు తెచ్చింది. ఏ ముక్కా పాడవలేదు. మొదటి ముక్క ఆయన ఆకులోనే వేశాను. శిక్ష పడినవాడికీ భోజనం పెట్టాలి కదా.

తిని, చెయ్యి కడుక్కుని, చాలా వినయంగా అడిగారు: "ఆ హ్యాండిలు మళ్ళీ బీరువాలో పెట్టేసినావు. ఎప్పుడిస్తావే?"

"తరువాతి మ్యాచ్ ఎప్పుడండీ?"

"మంగళవారం."

"బుధవారం ఇస్తాను."