కుడికాలి సాక్సు

అసలు వాసన అనేది సాక్సుదా, కాలిదా, లేక దాన్ని పీల్చే మనిషి మనసుదా? సుబేదారిలోని తన ఇంటి గడప బయట నిలబడి శ్యాంసుందర్ ఆలోచిస్తున్నాడు. తీరిక బోలెడుంది. సాక్సులు ఉతుక్కునేదాకా బూట్లు లోపలికి రావద్దని భార్య సుకన్య ఆపేసింది.

వాసన మనసుదేనని చెప్పి చూశాడు. అయితే మనసును కూడా బయటే విప్పి రమ్మంది.

ఉతకడం పెద్ద పనేం కాదు. కానీ భార్య చెప్పగానే ఉతికితే, ఇన్నేళ్ల ఓటములకు తన చేత్తో సబ్బు రాసి మెరుగుపెట్టినట్టే. అందుకని సైన్సును పిలిచాడు. చెమటకు కంపు లేదు, దాన్ని తినే బాక్టీరియాది కంపు. నిమ్మగడ్డి నూనె ఆ బాక్టీరియాను చంపుతుంది. ఆదివారం ధర్మసాగర్ వెళ్లి, దోస్తు మొగిలి చేను గట్టు మీది నిమ్మగడ్డిని స్కూటర్ నిండా తెచ్చాడు.

కుక్కర్లో గడ్డీ నీళ్లూ వేసి, విజిల్ తీసి పైపు తొడిగి, దాన్ని ఐసునీళ్ల గిన్నెలోంచి సీసాలోకి దింపాడు. ఇల్లంతా ఘుమఘుమలాడింది. అంతలో పైపు ఊడి, పాములా లేచి, పోపుల డబ్బాను కింద పడేసింది.

"ఏందయ్యా, గడ్డి వండుతానవా? జర ఉప్పేసి దించు, నీకే పెడత," అంది సుకన్య.

చివరకు సీసాలో నీళ్ల మీద పల్చటి పచ్చని నూనె తేలింది. ఆ కుక్కర్లోనే వండిన పప్పు సబ్బు వాసన వేసింది. శ్యాంసుందర్ మారు వడ్డించుకుని మరీ తిన్నాడు.

డ్రాపర్‌తో కుడి సాక్సులో నూనె చుక్కలు వేశాడు. పోల్చి చూడ్డానికి ఎడమదాన్ని వట్టిగా వదిలేశాడు. రెండూ బాల్కనీలో పెట్టి పందెం కాశాడు.

"రేపు కుడిదే మంచిగుంటే బూట్లు లోపటికొస్తయి, ఉతుకుడు బంద్. ఎడమది మంచిగుంటే జిందగీ అంత నేనే ఉతుక్కుంట."

సుకన్య మారుమాట లేకుండా ఒప్పుకుంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే అతను భయపడాల్సింది.

పొద్దున కుడిదాన్ని వాసన చూశాడు. ముందు నిమ్మగడ్డి, దాని వెనక పరదా చాటున నిలబడ్డ చుట్టంలా పాత కంపు. ఎడమది చూశాడు. ఏ కంపూ లేదు. మళ్లీ చూశాడు. లేదు. పక్కదానికి పట్టిన గతి చూసి, ఆ భయానికే ఇటువైపు బాక్టీరియా చచ్చిందా? ఈ కొత్త సిద్ధాంతానికి పేరు వెతుకుతుండగా చేతికి తడి తగిలింది.

సుకన్య చాయ్ తాగుతోంది.

"ఏం జేసినవ్?"

"నువ్వు దానికి నూనె వేసినవ్. నేను దీనికి సబ్బు వెట్టిన. పందెంల సబ్బు వద్దన్నవా? ఇగ ఆ మిగిలిన నూనె ఇటియ్యి, ఇల్లు తుడిసే నీళ్లల్ల పోస్త. మంచిగనే ఉంది వాసన."

ఆ మెప్పు అతనికి ఎక్కడో చల్లగా తగిలింది. ముందు ఆమె నవ్వింది, తర్వాత ఆపుకోలేక అతనూ నవ్వాడు.

సీసా ఆమె చేతికిచ్చి, కుడి సాక్సు తీసుకుని నల్లా దగ్గరికి నడిచాడు. తన చేత్తోనే సబ్బు రాశాడు.