ఎముకల వార్డులో పిల్లల సిస్టర్

ఆ ఉదయం సిస్టర్ అనుకున్న పని ఒక్కటే: వేళకు డ్యూటీ దిగి కూతుర్ని బడి నుంచి తెచ్చుకోవాలి. పిల్లల వార్డులోకి అడుగుపెట్టిందో లేదో హెడ్ సిస్టర్ ఎదురొచ్చింది.

"ఇవాళ్టికి ఎముకల వార్డుకెళ్ళమ్మా. అక్కడ మనుషుల్లేరు."

"అక్కడ దూది ఎక్కడుంటుందో కూడా తెలీదక్కా నాకు!"

"నర్సు ఎక్కడైనా నర్సే."

ఎముకల వార్డులో రాత్రి డ్యూటీ ఆవిడ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. "కిటికీ పక్క మంచం, మోకాలి ఆపరేషన్. రెడీ చెయ్" అంటూనే మెట్లు దిగిపోయింది.

కిటికీ పక్కన ఒక పెద్దాయన ముసుగుతన్ని పడుకుని ఉన్నాడు.

"ఆపరేషన్ మీకేనా తాతగారూ?"

"ఊఁ."

"ఏమీ తినలేదుగా?"

"ఊఁ."

"మా మంచి తాత!" అలవాటు కొద్దీ బుగ్గ తట్టి, చొక్కా మీదే గౌను తొడిగింది. చేతికి పేరు పట్టీ లేదు. పట్టీల కోసం బీరువాలన్నీ తెరిస్తే పిండికట్టు సామాను, చేతికర్రలు, ఎవరిదో టిఫిన్ క్యారియర్ కనిపించాయి. ఆమె తిరిగొచ్చేసరికి వార్డుబాయిలు మంచాన్నే తోసుకుపోయారు.

థియేటర్ దగ్గర అందుకుంది. "ఆగండి! పట్టీ లేదు."

"కొత్తా? లోపల అందరూ కాచుక్కూచున్నారు" అని సర్జన్ విసుక్కున్నాడు.

"కొత్తే సార్. అందుకే పంపను."

తలుపుకు అడ్డంగా నిలబడింది. ఆ గొడవకు పెద్దాయన లేచి కూర్చుని, గౌను ఎత్తి, చొక్కా జేబులోంచి చెవి మిషను తీసి పెట్టుకున్నాడు.

"మా బావమరిదికి ఆపరేషన్ అయిపోయిందా డాక్టరుగారూ?"

"అది మీకు కాదా?"

"నాకెందుకండీ? నా మోకాళ్ళకేం, గుండ్రాళ్ళు! వాడు బాత్రూమ్‌కి వెళ్తే మంచం ఖాళీగా ఉందని కాస్త నడుం వాల్చాను."

అసలు రోగి క్యాంటీన్‌లో దొరికాడు. అప్పటికే రెండో ప్లేటు. "తిరిగొచ్చేసరికి మంచమే లేదు. ఆపరేషన్ లేదు కాబోలు, బతికిపోయాననుకున్నా!" అన్నాడు మూతి తుడుచుకుంటూ. నిండు కడుపుకు మత్తు ఇవ్వకూడదు. ఆపరేషన్ వాయిదా పడింది.

బడి వదిలే వేళకు ఆమె సంజాయిషీ చెప్పడానికి సూపరింటెండెంట్ గదిలో నిలబడి ఉంది. కూతురి కోసం ఆడపడుచును బతిమాలి పంపింది.

"తప్పు నాదే సార్. పట్టీ చూడకుండా గౌను తొడిగాను. కానీ వార్డు తెలియనిదాన్ని ఒంటరిగా వదిలేశారు. పిల్లల వార్డులో నాకు ఏ మంచం మీద ఎవరున్నారో తెలుసు. ఎముకల వార్డులో నాకు మంచాలే తెలుసు, మనుషులు తెలీరు."

పక్కనే ఉన్న సర్జన్ ముందుకొచ్చాడు. "ఆవిడ ఆపకపోతే, సార్, నేను గుండ్రాయిలాంటి మోకాలు కోసేవాణ్ణి."

సూపరింటెండెంట్ అక్కడికక్కడే ఉత్తర్వు వేశాడు: ఇకమీదట కొత్త వార్డులో ఏ సిస్టర్నీ ఒంటరిగా వదలకూడదు, దగ్గరుండి చూపించే మనిషి ఉండాలి. సిస్టర్ గుండెల మీంచి బండ దిగినట్టయింది.

"మరి ఆ చూపించే మనిషెవరు సార్?"

"మీరేనమ్మా! ఇంత పట్టుదల ఇంకెవరికుంది? ముందు రోజుకో వార్డు తిరిగి అన్నీ నేర్చుకోండి."

మర్నాడు ఆమెను కళ్ళ వార్డుకు పంపారు. చూపించడానికి అక్కడ ఎవరూ లేరు.