ప్లాస్టిక్ పూలకు పొద్దున్నే స్నానం

సృష్టిలో జరిగిన పెద్ద పొరపాటు ఏమిటని ఎవరైనా నన్నడిగితే, మొక్కలకు ప్రాణం పెట్టడమేనని చెప్తాను.

కోప్పడకండి. చివరిదాకా చదివి, అప్పుడు తిట్టండి. ప్రాణం ఉండబట్టే కదా మొక్క దాహమంటుంది, ఎండ కావాలంటుంది, ఆకు రాలుస్తుంది, ఒకరోజు పూసి మర్నాడు మొహం వేలాడేస్తుంది! ఇంత పేచీకోరు సరుకును ఏ కంపెనీ అయినా తయారుచేసి అమ్మితే మనం ఊరుకుంటామా? షాపువాడి కాలర్ పట్టుకోమూ?

అదృష్టం బాగుండి మా అపార్ట్‌మెంట్ కమిటీ ఈ పొరపాటును సరిదిద్దింది. మా ఇంటి వెనకాల ఇప్పుడు ప్లాస్టిక్ పూలతోట వెలసింది. దానివల్ల కలిగే లాభాలు నలుగురికీ చెప్పకపోతే పాపం చుట్టుకుంటుందని ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందు ఆ నేల సంగతి. మా బిల్డింగుకూ కాంపౌండు గోడకూ మధ్య మంచం పట్టేంత వెడల్పున కాస్త మట్టి ఉంది. పైనుంచి మొదటి అంతస్తు బాల్కనీలు గొడుగు పట్టినట్టు ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులా గోడవారన ఓ పెద్ద చెట్టు. ఎండ పడదు, వానా పడదు. ఆకుల సందుల్లోంచి ఏ నాలుగు చినుకులో జారినా ఆ చెట్టు వేళ్ళే ముందు తాగేస్తాయి.

నీడ ఉన్నచోట చెమ్మ ఉంటుందని మనం చిన్నప్పట్నుంచీ నమ్ముతున్నాం. ఆ సంగతి ఆ మట్టికి ఎవరూ చెప్పినట్టు లేదు. నీడ నీడగానే ఉంటుంది, నేల మాత్రం అప్పడంలా విరుగుతుంది. అక్కడ ఏపుగా పెరిగేవి రెండే. మొదటి అంతస్తువాళ్ళ బట్టల క్లిప్పులు, రెండో అంతస్తాయన సిగరెట్ పీకలు.

ఆ నేలకు ఎదురుగా కిటికీ ఉన్నది మా అన్నయ్య గదికి. అన్నయ్య రైల్వేలో సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా కిటికీలోంచి చూడటమే. ఏది మారింది, ఏది మారలేదు, ఇంతే లెక్క. పక్షవాతమొచ్చి ఎడమపక్క పడిపోయాక మంచం తీసుకెళ్ళి ఆ కిటికీ పక్కన వేశాం. ఒళ్ళు రిటైరైంది గాని చూపు మాత్రం డ్యూటీ దిగలేదు. గోడమీదికి రోజూ వచ్చే పిల్లి ఓ పూట ఆలస్యమైతే మాకు కబురందేది.

ఎంతసేపని పిల్లినీ క్లిప్పుల్నీ చూస్తాడు? అది చూసి మా వదినకు కడుపు తరుక్కుపోయింది. ఆ మనిషి కళ్ళెదుట కాస్త పచ్చదనం, దాని మీద ఓ పువ్వు ఉండాలని పట్టుబట్టింది. నేలంతా కప్పాలి, ఏడాది పొడుగునా పచ్చగా ఉండాలి, పూయాలి, ఎండ అడక్కూడదు, నీళ్ళసలే అడక్కూడదు. ఇన్ని సుగుణాలున్న అల్లుణ్ణి వెతకమంటే పెళ్ళిళ్ళ పేరయ్య చెప్పులు చేతబట్టుకుని పారిపోతాడు. వదిన మాత్రం వెతికింది.

వీడియోలు చూసింది. నాకు తెలీకడుగుతాను, నీడలో పెరిగే మొక్కల గురించి చెప్పే ప్రతి మహానుభావుడూ ఎండలో నిలబడి చెప్తాడేం? వాళ్ళ మాట నమ్మి తెచ్చినవన్నీ వరసగా తలలు వాల్చేశాయి. చివరికి నర్సరీ నడిపే ఆవిడ ఓ తీగ ఇచ్చింది. బిళ్ళగన్నేరుకు వేలువిడిచిన చుట్టమట. నేలబారుగా పాకుతుంది, నీలం పువ్వు పూస్తుంది. "వేళ్ళు పట్టేదాకానే నీళ్ళమ్మా, తర్వాత ఆ చెట్టు కిందే దానిపాటికది బతుకుతుంది. రెండేళ్ళు మాత్రం ఓపిక పట్టాలి," అందావిడ.

రెండేళ్ళు! చూశారా దురహంకారం? మనకు డబ్బు పంపితే తృటిలో చేరుతోంది, భోజనం అడిగితే స్నానం చేసొచ్చేలోపు గుమ్మం ముందుంటోంది. ఓ తీగముక్క కోసం రెండేళ్ళు కూర్చోవాలా?

వదిన కూర్చుంది. పైసా బిళ్ళంత ఆకులున్న ఆ ముక్కల్ని మట్టిలో గుచ్చి, పైపు అడగడానికి సెక్రటరీగారి దగ్గరికి వెళ్ళింది. మా సెక్రటరీగారు సర్క్యులర్ లేకుండా తుమ్మరు. నీటి పొదుపు తీర్మానం ప్రకారం కామన్ పైపును ప్రైవేటు అవసరాలకు వాడకూడదని మర్యాదగా చెప్పి పంపించారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగినా పెట్టనిది కమిటీ.

ఆవిడేం గొడవపడలేదు. కూరగాయలు కడిగిన నీళ్ళు చెంబుతో పట్టుకెళ్ళి రోజూ పోసేది. కిటికీలోంచి అన్నయ్య చూసేవాడు. కింద వేళ్ళు పడుతున్నాయో లేదో గాని పైకి మాత్రం ఆర్నెల్లయినా ఏమీ కనపడలేదు.

ఈలోగా ఊళ్ళో పచ్చని భవనాల పోటీ వచ్చింది. సెక్రటరీగారు తనిఖీకొచ్చి ఆ మట్టిని చూశారు. బట్టతలకి నాట్లు వేసినట్టుందన్నారు. జడ్జీలొచ్చేలోగా పచ్చబడాలన్నారు. ఆ వారంలోనే ఒకాయన వ్యానులో చుట్టలు చుట్టిన తోట తెచ్చాడు! చాపలా పరిచాడు, కత్తెరతో అంచులు కత్తిరించాడు, పువ్వులు గుచ్చాడు. టీ చల్లారేలోగా వసంతం వచ్చేసింది.

వదిన తీగలన్నీ చాప కిందకి వెళ్ళిపోయాయి. చెట్టు మొదట్లో వేరు ఉబ్బెత్తుగా ఉండి చాప ఆనక, అక్కడ మాత్రం బెత్తెడు సందు మిగిలింది. మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ చెంబు పట్టుకెళ్ళిన వదిన, ఎక్కడ పొయ్యాలో తెలీక కాసేపు నిలబడి వెనక్కొచ్చేసింది.

ఇక లాభాలు వినండి. అన్ని కాలాల పువ్వులూ ఒకే కాలంలో పూశాయి. ఏ జన్మలోనూ ఒకదాని మొహం ఒకటి చూడనివి పక్కపక్కన నిలబడి ఫొటోలు దిగాయి. ఆకు రాలదు, పురుగు పట్టదు. ఓ తేనెటీగ వచ్చి నాలుగు పూలమీద వాలింది. పాపం, ఏ ఫిర్యాదూ చెయ్యకుండానే వెళ్ళిపోయింది. మాకు బహుమతి కూడా వచ్చింది. జడ్జిగారు వంగి వాసన చూసి, "ఆహా" అన్నారు! "పూలు కోయరాదు" అని బోర్డు పెట్టించడం ఆ తర్వాతే. అంత మంచి జడ్జి దొరకడం మా పూర్వజన్మ సుకృతం.

ప్లాస్టిక్‌కు దాహం లేదు, నిజమే. కానీ దుమ్ము ఉంది. వారం తిరక్కుండానే తోట బూజు పట్టిన ఫ్యానులా తయారైంది. కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. రోజూ పొద్దున్నే వాచ్‌మన్ కామన్ పైపుతో పూలకు స్నానం చేయించాలని తీర్మానించింది. అవును, ఆ పైపే! ప్రాణమున్న మొక్కకైతే అది ప్రైవేటు అవసరం. ప్రాణం లేనిదానికైతే మెయింటెనెన్స్. ఇందులో తప్పేముందో చెప్పండి చూద్దాం!

చాప పరిచిన పూట అన్నయ్యను పరీక్షలకని ఆస్పత్రికి తీసుకెళ్ళాం, అది పరవడం ఆయన చూడలేదు. ఇది ప్లాస్టిక్ అని మేమెవరమూ చెప్పలేదు. చెప్పడానికి వదినకు నోరు రాలేదు, నాకు ధైర్యం చాలలేదు. మొదట్లో మొహం వెలిగింది. కిటికీకి సూటిగా ఓ ఎర్రటి మొగ్గ ఉంది. దాన్నే పట్టుకున్నాడు.

"ఒరేయ్, ఆ మొగ్గ రేపు విచ్చుకుంటుందేమో చూడరా."

మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అదే. వారాలు గడిచాయి. మొగ్గ మొగ్గలాగే ఉంది, కంపెనీ దాన్ని మొగ్గగానే పుట్టించింది కాబట్టి. ఆఖరికి ఒకరోజు నన్ను పిలిచి, తిరగని నాలుకతో కూడదీసుకుని చెప్పాడు.

"అక్కడ సిగ్నల్ ఫెయిలైందిరా. ఏదీ కదలట్లేదు. ఎవరికైనా చెప్పండి."

ఎవరికి చెప్పను? కమిటీకా? ఆ రోజు నుంచి మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు. పిల్లి వచ్చినా చూడలేదు. చూపు మానేశాక తిండీ తగ్గింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది మా పని. రాత్రి గిన్నెలు సర్దుతూ వదిన మొదటిసారి నా ముందు ఏడ్చింది. ఆ చెట్టు కింద ఉత్త మట్టి ఉన్నా బాగుండేది, కనీసం ఏదో వస్తుందని చూసేవాడు కదా అంది. నేను ప్లాస్టిక్ పక్షం వాణ్ణి కదా, తలొంచుకుని గిన్నెలు అందించాను.

కొన్నాళ్ళకు ఓ పొద్దున వాచ్‌మన్ పూలకు స్నానం చేయించి వెళ్ళాడు. వదిన దుప్పటి సర్దుతూ అన్నయ్యను ఇటు తిప్పింది. ఆయన కళ్ళు తెరిచి కిటికీలోంచి చూసి, చూసి, వేలెత్తాడు.

"చెట్టు మొదట్లో. నిన్న లేదు అది."

మేం నమ్మలేదు. వదిన చూసొస్తానని వెళ్ళింది. తిరిగొచ్చినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. బెత్తెడు సందులో, వేరు పక్కన, ప్లాస్టిక్ ఆకుల మధ్యనుంచి తీగ తల పైకెత్తింది. దాని చివర చిన్న నీలం పువ్వు. చెంబుతో పోసినన్నాళ్ళూ ప్రాణం బిగబట్టుకున్నది, పక్కవాళ్ళ స్నానం నీళ్ళు తాగి లేచింది!

అన్నయ్య ఆ రోజు పూర్తిగా అన్నం తిన్నాడు.

కథ ఇక్కడితో అయిపోతే నేను రాసేవాణ్ణి కాదు. నాలుగు రోజులకు ఆ పువ్వు వాడింది. సరిగ్గా అప్పుడే సెక్రటరీగారు తనిఖీకొచ్చారు. బహుమతి పొందిన తోటలో ఓ పువ్వు వాడిపోవడమా! ఆయన మొహం కూడా అలాగే అయిపోయింది. గ్యారంటీ ఉండగానే సరుకు పాడైందని, వచ్చి పీకేసి కొత్తది పెట్టమని, చాపలు పరిచినాయనకు అక్కడికక్కడే ఫోన్ చేశారు.

సాయంత్రానికి ఆయన సంచీతో దిగాడు, సెక్రటరీగారు పక్కనే నిలబడ్డారు. గొంతుక్కూర్చుని ఆ ఆకును రెండు వేళ్ళతో నలిపి, వాసన చూశాడు. అలాగే కూర్చుని తలెత్తాడు.

"ఇది మా సరుకు కా..."

"కొత్త మోడలేమోనండీ!"

అన్నది మా వదిన. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. కమిటీవాళ్ళు పైపు ఇవ్వనప్పుడు కూడా ఎదురుచెప్పని మనిషి. ఆవిడ వెనకాల, దిండుమీద తల కాస్త ఎత్తి పెట్టుకుని, అన్నయ్య కళ్ళార్పకుండా చూస్తున్నాడు. చాపలాయన ఆ కిటికీని చూశాడు, పువ్వును చూశాడు. సెక్రటరీగారి వైపు తిరిగాడు.

"అవున్సార్. కొత్త మోడల్. శాంపిల్ ఒకటి ఇందులో కలిసిపోయినట్టుంది. పూస్తుంది, వాడుతుంది, మళ్ళీ పూస్తుంది."

తన దగ్గర లేని సరుకు ఉందని చెప్పడం వ్యాపారంలో కొత్తేమీ కాదు. మొక్కను బతికించడానికి చెప్పడం మాత్రం ఆయనకదే మొదటిసారై ఉండాలి.

సెక్రటరీగారు వంగి చూశారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. "వాడిపోవడం కూడా పెట్టారా! ఎంత సహజంగా ఉందయ్యా!" అని మురిసిపోయారు. నేలంతా ఈ మోడలే వేసెయ్యమని, ఎప్పటికి వస్తుందని అడిగారు.

"రెండేళ్ళు పడుతుంది సార్."

"రెండేళ్ళా? అన్నాళ్ళు ఎవరాగుతారయ్యా? వద్దులే. ఈ శాంపిల్ మాత్రం ఇలాగే ఉండనీ."

విన్నారుగా? అసలు సరుకు కళ్ళముందు పూస్తే మెచ్చుకున్నారు, అది ఎలా వస్తుందో చెప్తే వద్దన్నారు. రెండేళ్ళు చెంబెడు నీళ్ళు పొయ్యలేని మనం, రోజూ పైపెడు నీళ్ళతో ప్లాస్టిక్‌కు తలంటు పోస్తాం. అందుకే ప్లాస్టిక్ తోటే మేలని మొదటినుంచీ మొత్తుకుంటున్నాను. మనకు తగ్గ తోట అదే.

ఈ కాలమ్ వల్ల గుట్టు రట్టవుతుందనే భయం నాకు లేదు. మా సెక్రటరీగారు సర్క్యులర్లు తప్ప ఏమీ చదవరు. ఎవరైనా చదివి చెప్పబోతే మాత్రం, అది ప్లాస్టిక్కేనని నా తరఫున ఒట్టు వెయ్యండి.

ఇంకొక్క మనవి. రేపు ఎవరో పర్యావరణ ప్రేమికుడు లేచి, ప్లాస్టిక్ పూలకు స్నానమేమిటి, నీళ్ళు దండగ కదా అని కమిటీలో అడుగుతాడు. న్యాయంగా అడుగుతాడు. దయచేసి ఆయన నోరు మూయించండి. ఆ స్నానం మాత్రం ఆపించకండి.

వాడిన పువ్వు నిన్న రాలిపోయింది. వదిన బాధపడుతుందేమోనని నేను ఏదో చెప్పబోయాను. అన్నయ్య కిటికీవైపు చూస్తూనే చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"ఆ బండి వెళ్ళిపోయిందిరా. వెనకాల ఇంకోటి వస్తోంది, చూడు."